రాడార్ కిరణం కింద: మైపాడు నుంచి కొత్తపట్నం దాకా

సోమవారం, నెల్లూరు

నెల్లూరు జిల్లాకి అసలు వానాకాలం అక్టోబరులో మొదలై డిసెంబరుతో ముగుస్తుంది. ఏడాది వానలో సగానికి పైగా ఆ మూడు నెలల ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. వాయుగుండాలు, తుపాన్ల బెడద ఎక్కువగా ఉండేదీ అప్పుడే. అందుకని ఊళ్లలో వాతావరణ పరిశీలకులకి శిక్షణ ఇవ్వడానికి సెప్టెంబరు చివరి వారమే సరైన అదను. జూన్‌లో నేర్పితే అక్టోబరు నాటికి మరిచిపోతారు. దీపావళి దాటితే పొలం పనులు, రొయ్యల గుంటల కాపలా వదిలి ఎవరూ కదల్లేరు.

దారి ఇలా వేసుకున్నాం: నెల్లూరులో తరగతి, ఆ తర్వాత మైపాడు, అల్లూరు, కావలి, అక్కణ్ణించి పడమటికి ఉదయగిరి, చివరికి ప్రకాశం జిల్లా కొత్తపట్నంలో రాత్రి కసరత్తు. సముద్రం ఒడ్డున వచ్చే ప్రమాదం వేరు, చెరువు కింద వచ్చేది వేరు, కొండ పక్కన వచ్చేది వేరు. అందరికీ ఒకటే పాఠం చెప్పి పంపితే సగం మందికి పనికిరాదు.

పరిశీలకుడిగా ఎవరు పనికొస్తారంటే మొదటి పేరు రొయ్యల గుంట కాపలాదారుది. గుంట నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోకుండా చూడాలి కాబట్టి తెల్లవార్లూ మెలకువగానే ఉంటాడు. ఆ తర్వాత కాలువ నీటిని చూసుకునే లస్కర్లు, పట్టపుపాలేల్లోని మత్స్యకారులు, ఆశా కార్యకర్తలు, బడి పంతుళ్లు. చదువు ఎంత అన్నది ముఖ్యం కాదు. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తుతారా, కళ్లకి కనబడినదే చెబుతారా, ఈ రెండూ చూసి తీసుకోవాలి. ఊరికి ఒక్కరు చాలరు. ఇద్దరు కావాలి, వాళ్ల ఇళ్లు ఒకే వీధిలో ఉండకూడదు.

తరగతిలో మొదట వచ్చే ప్రశ్న: ఉపగ్రహాలున్నాయి, రాడార్లున్నాయి, మధ్యలో మేమెందుకు? దీనికి జవాబు బోర్డు మీద గీసి చూపిస్తే తప్ప మనసుకెక్కదు. శ్రీహరికోటలో ఒక డాప్లర్ రాడార్ ఉంది, మచిలీపట్నంలో మరొకటి. కావలి మొదటిదానికి సుమారు 135 కిలోమీటర్లు, రెండోదానికి సుమారు 185 కిలోమీటర్లు. రాడార్ కిరణం నేలని అంటిపెట్టుకుని పోదు. కాస్త ఎత్తి పంపుతారు, పైగా భూమి కిందికి వంగిపోతుంది. అరడిగ్రీ ఎత్తుతో పంపిన కిరణం 100 కిలోమీటర్ల దూరంలో నేలకి దాదాపు కిలోమీటరున్నర పైన ఉంటుంది, 200 కిలోమీటర్ల దూరంలో నాలుగు కిలోమీటర్ల పైన. కావలి మీద శ్రీహరికోట కిరణం రెండు కిలోమీటర్ల పైనుంచే పోతుంది. మేఘంలో ఎంత నీరుందో రాడార్ చెబుతుంది. ఆ మేఘం కింద చెరువు కట్ట మీదికి నీరు వచ్చిందా, రేకులు లేచాయా, వంతెన మునిగిందా అన్నది చెప్పలేదు. ఆ రెండు కిలోమీటర్ల మందాన్ని చూడగలిగేది అక్కడ నిలబడ్డ మనిషే.

రెండో ప్రశ్న: ఏది చూస్తే చెప్పాలి? అమెరికాలో ఇటువంటి పరిశీలకుల వ్యవస్థ 1970 ప్రాంతం నుంచి స్కైవార్న్ పేరుతో నడుస్తోంది. అక్కడ అంగుళం పైబడిన వడగళ్లు, గంటకి 93 కిలోమీటర్లు దాటిన గాలి, టోర్నడో ముఖ్యమైనవి. ఆ జాబితాని తెచ్చి ఇందుకూరుపేటలో పంచితే ఉపయోగం లేదు. ఇక్కడ ప్రాణాలు తీసేవి వరద, ఉప్పెన, పిడుగు, కూలే చెట్లు, కూలే గోడలు. 2021 నవంబరు 19న పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది వాయుగుండమే, తుపాను కూడా కాదు. అయినా ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నా పొంగి నెల్లూరు అవతల పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి దెబ్బతింది. పేరు పెట్టిన తుపానుకే భయపడాలి అనే అలవాటు ఈ ఒక్క సంఘటనతో పోవాలి.

సాయంత్రం అంతా ఒకే పని: కబురు రాయడం. కబురులో అయిదు ముక్కలు ఉండాలి. ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి, కొలిచిందా అంచనా వేసిందా, ఇంకా జరుగుతోందా ఆగిందా. చెప్పినవాళ్ల పేరు, ఫోన్ నంబరు చివర. చూడటానికి చిన్న పని. కానీ మొదటిసారి రాసినప్పుడు పదిమందిలో ఎనిమిదిమంది వేళ వదిలేస్తారు, మిగతావాళ్లు కబురు పంపిన వేళ రాస్తారు. కావలసింది సంఘటన జరిగిన వేళ. సిగ్నల్ లేక గంట ఆలస్యంగా చేరినా, లోపల ‘14.20కి’ అని ఉంటే ఆ కబురు పనికొస్తుంది. అది లేకపోతే నీరు పెరుగుతోందో తగ్గుతోందో కూడా తెలియదు. 24 గంటల లెక్కే వాడాలి. ‘ఎనిమిదికి’ అంటే పొద్దున్నో రాత్రో కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లకి ఎలా తెలుస్తుంది?

ఒక నియమం మాత్రం అందరి చేతా పలికించి రాయించాలి: పరిశీలకుడు చూసింది చెబుతాడు, రాబోయేది చెప్పడు. హెచ్చరిక ఇచ్చే పని వాతావరణ శాఖది, జనాన్ని తరలించే పని రెవెన్యూ యంత్రాంగానిది. ‘ఉప్పెన వస్తోంది, పరిగెత్తండి’ అని గ్రూపులో ఒక్కరు పెడితే ఊరు ఊరంతా చీకట్లో రోడ్డు మీద పడుతుంది.

మంగళవారం, మైపాడు

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు పాతిక కిలోమీటర్ల లోపే. వరి మళ్లు అయిపోగానే రొయ్యల గుంటలు, ఆ తర్వాత బకింగ్‌హామ్ కాలువ, దాన్ని దాటితే ఇసుక. ఈ వరసని పరిశీలకులు కాగితం మీద గీయాలి. కాలువకి తూర్పున ఉన్న పాలేనికి వంతెనే దారి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కాలువలో నీరు వెనక్కి తన్నుతుంది, లోపలి నుంచి వచ్చే వాననీరు బయటికి పోలేక ఆగిపోతుంది. కాబట్టి ఈ ఊళ్లో మొదట మునిగేది సముద్రం వైపు కాకుండా కాలువ వైపు కావచ్చు. వంతెన స్తంభానికి 10 సెంటీమీటర్లకి ఒక గీత చొప్పున తెలుపు, ఎరుపు రంగులు వేయించాం. ‘మోకాలి లోతు’ అని రాయొద్దు. మోకాలు ఒక్కో మనిషికి ఒక్కో ఎత్తున ఉంటుంది, కాళ్ల కింద ఇసుక ఎంత కోసుకుపోయిందో తెలియదు.

పొద్దునంతా గాలి మీదే గడిచింది. ఇక్కడ ఎవరి దగ్గరా గాలిమాపకం ఉండదు, ఉండాల్సిన అవసరం కూడా లేదు. బోఫర్ట్ అనే నావికుడి పేరుతో ఉన్న పట్టికని ఇక్కడి చెట్లకి అన్వయించి నేర్పాలి. వేప పెద్ద కొమ్మలు ఊగుతూ, కరెంటు తీగలు ఈల వేస్తూ, గొడుగు పట్టుకోవడం కష్టమైతే గంటకి 39 నుంచి 49 కిలోమీటర్లు. చెట్టు మొత్తం ఊగుతూ, ఎదురుగాలిలో నడవడం ఇబ్బందిగా ఉంటే 50 నుంచి 61. రెమ్మలు విరిగి పడుతుంటే 62 నుంచి 74. ఇల్లు కప్పిన పెంకులు లేవడం మొదలైతే 75 నుంచి 88. చెట్లు వేళ్లతో సహా పడిపోతుంటే 89 దాటిందని. వాయుగుండం తుపానుగా మారే గీత కూడా 62 దగ్గరే ఉంది, కాబట్టి రెమ్మలు విరిగే గాలిని గుర్తుపట్టడం వస్తే చాలా వచ్చినట్టే.

తాటిచెట్టుని, కొబ్బరిచెట్టుని చూసి అంచనా వేయకూడదు. అవి వంగుతాయి, మామూలు ఈదురుగాలికే తల విరబోసుకున్నట్టు కనబడతాయి. సరుగుడు తోట చేసే హోరు కూడా మోసం చేస్తుంది, నలభై వేగానికే వంద మీద ఉన్నట్టు వినిపిస్తుంది. వేప, చింత, తుమ్మ చూడాలి. మోటారు సైకిల్ మీద వెళుతూ గాలి అంచనా వేయకూడదు. వేగం చెప్పలేనప్పుడు కనబడింది రాస్తే చాలు: ‘వేప రెమ్మలు విరిగి రోడ్డు మీద పడుతున్నాయి’. అంకెని అవతలివాళ్లు వేసుకుంటారు. గాలి ఒక్కసారిగా గంటకి 30 కిలోమీటర్ల మేర పెరిగి, 40 దాటి, కనీసం నిమిషం పాటు నిలిచి, తగ్గితే దాన్ని స్క్వాల్‌గా లెక్కిస్తారు. అది మొదలైన నిమిషం, ఆగిన నిమిషం రెండూ కావాలి.

వేగం కన్నా విలువైనది దిక్కు. ఇది మాత్రం మత్స్యకారులకి నేర్పాల్సిన పని లేదు, వాళ్ల దగ్గర మిగతావాళ్లు నేర్చుకోవాలి. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది. తీరంలో నిలబడ్డ మనిషికి గాలి ఈశాన్యం నుంచి ఉత్తరానికి, తర్వాత వాయవ్యానికి, పడమటికి తిరిగిందంటే కేంద్రం మనకి ఉత్తరంగా పోతోంది. గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. అలా కాకుండా ఈశాన్యం నుంచి తూర్పుకి, ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం దక్షిణంగా తీరం దాటుతోంది. అప్పుడు గాలి సముద్రాన్ని ఊరి మీదికి తోస్తుంది, ఉప్పెన భయం ఉండేది అప్పుడే. దిక్కు మారకుండా బలం మాత్రమే పెరుగుతూ పోతే కేంద్రం సూటిగా మన మీదికి వస్తున్నట్టు. ఉన్నట్టుండి గాలి ఆగి ఆకాశం తేటపడితే బయటికి రాకూడదు. అది తుపాను మధ్యలో గాలి లేని కన్ను. కన్ను దాటగానే ఎదురు దిక్కు నుంచి అంతే గాలి మళ్లీ వస్తుంది, మొదటి విడతలో సడలిన గోడలు, కప్పులు రెండో విడతలో పడతాయి. ఈ కాస్త సమాచారం మూడు ఊళ్ల నుంచి వేళతో సహా వస్తే కేంద్రం ఎటు కదులుతోందో తీరం మీదే తేల్చవచ్చు.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ అంతకు ముందు నెల్లూరు తీరానికి దగ్గరగా, సముద్రంలోనే ఉత్తరంగా సాగింది. తీరం దానికి ఎడమ పక్కన ఉండిపోయింది. అటువంటప్పుడు ఉప్పెన కన్నా గంటల తరబడి ఆగకుండా కురిసే వానే పెద్ద ప్రమాదం. పరిశీలకులు అలల ఫోటోల మీద కాకుండా వాన గీతల మీద కళ్లు పెట్టాలి.

అలల లెక్క సాయంత్రం నేర్పాం. ఒడ్డుకి దూరంగా ఒక గుర్తు పెట్టుకుని, పదకొండు అలల తలలు లెక్కపెట్టి, మొదటి తల నుంచి పదకొండో తల దాకా పట్టిన సెకన్లని పదితో భాగిస్తే ఒక్కో అల మధ్య వ్యవధి వస్తుంది. దగ్గరి గాలికి లేచే అలలు దగ్గరదగ్గరగా వస్తాయి. 12 సెకన్లు దాటి, గాలి లేకపోయినా బరువుగా వచ్చే అలలు దూరాన ఎక్కడో పెద్ద గాలి ఉందని చెబుతాయి. ఆ గాలి తుపానుదే కావాలని లేదు, దక్షిణ మహాసముద్రం నుంచి కూడా ఇటువంటి అలలు ఎండ కాస్తున్న రోజున వస్తాయి. అందుకే సెకన్లు రాసి పంపాలి, తీర్పు రాయకూడదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికతో పోల్చుకునేది అవతలివాళ్లే.

బుధవారం, అల్లూరు

పెద్ద చెరువున్న ఊరు కాబట్టి వాన కొలత ఇక్కడ పెట్టుకున్నాం. ఈ యాత్ర మొత్తంలో ఎక్కువ సమయం తీసుకున్నదీ ఇదే, తీసుకోవాల్సిందీ ఇదే.

వానమాపకం కొననక్కర్లేదు. మూతి వ్యాసం 16 సెంటీమీటర్లున్న గరాటు తీసుకోండి. దాని వైశాల్యం దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు. అంటే డబ్బాలో చేరిన ప్రతి 20 మిల్లీలీటర్ల నీరు ఒక మిల్లీమీటరు వాన. కొలవడానికి 100 మిల్లీలీటర్ల కొలజాడీ చాలు. ఇక డబ్బా ఎంతదన్నది ప్రాణప్రదమైన సంగతి. రెండు లీటర్ల సీసా పెడితే 100 మిల్లీమీటర్లకే నిండి పొర్లిపోతుంది, సరిగ్గా మనకి కావలసిన రోజునే కొలత పోతుంది. అయిదు లీటర్ల మంచినీళ్ల డబ్బా అయితే 250 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతిభారీ, 204.5 నుంచి అత్యంత భారీ. మన డబ్బాలో చివరి గీత నాలుగు లీటర్ల కాస్త పైన వస్తుంది. మూడు గీతలూ డబ్బా మీద మార్కరుతో గీసేస్తే చీకట్లో టార్చి వేసి చూసినా తెలుస్తుంది.

పెట్టే చోటు: గరాటు మూతి నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తున, రసమట్టం పెట్టి చూస్తే సమంగా ఉండాలి. పక్కన చెట్టో గోడో ఉంటే దాని ఎత్తుకి కనీసం రెండింతల దూరం. డబ్బాని సగం దాకా మట్టిలో పూడ్చాలి, లేకపోతే మొదటి ఈదురుగాలికే పడిపోతుంది. డాబా మీద పెట్టకూడదు. పిట్టగోడకి కొట్టుకుని పైకి లేచే గాలి చినుకుల్ని గరాటు మీంచి తోసుకుపోతుంది, కొలత తక్కువ వస్తుంది. సిమెంటు గచ్చు మీద పెడితే కింద పడ్డ చినుకు ఎగిరి లోపల పడుతుంది, కొలత ఎక్కువ వస్తుంది. గరాటుకి, డబ్బాకి మధ్య సందుని మైనంతో మూసేయాలి. ఆకులు పడతాయని పైన జాలీ కట్టాలనిపిస్తుంది, కానీ జాలీ చినుకుల్ని చిమ్ముతుంది, కొంత నీటిని పట్టుకుంటుంది. రోజూ పొద్దున గరాటు తుడవడమే మందు. సరుగుడు చెట్లున్న చోట ఇది మరీ ముఖ్యం, ఆ సన్నటి పుల్లలు రెండు పడ్డా గరాటు మూసుకుపోతుంది. నీళ్లు నిలిచే పల్లపు ఊళ్లల్లో ముందే అరమీటరు మట్టి దిమ్మె వేసి దాని మీద పెట్టాలి, లేకపోతే వరదనీరే డబ్బాలోకి వస్తుంది.

కొంతమంది రంగు బక్కెట్ పెట్టి లోపల స్కేలు ముంచి చదువుతారు. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉన్న పాత్రైతే ఫరవాలేదు. బక్కెట్ అడుగు సన్నగా ఉంటుంది, కాబట్టి లోతు ఎక్కువగా చూపిస్తుంది.

కొలిచే వేళ పొద్దున 8.30. దేశమంతా అదే వేళ కాబట్టి మన అంకె నెల్లూరు, కావలి, ఒంగోలు వాతావరణ కేంద్రాల అంకె పక్కన పెట్టుకోవచ్చు. అంతకు ముందు 24 గంటల్లో పడిన వానని కొలిచిన రోజు తేదీ కింద రాయాలి. కొలజాడీని కంటి ఎత్తుకి తెచ్చి నీటి వంపు అడుగు భాగాన్ని చదవాలి. వాన పడకపోతే ‘సున్నా’ అని రాయాలి. గడి ఖాళీగా ఉంటే వాన లేదో, మనిషి ఊళ్లో లేడో తెలియదు. భారీ వాన రోజున మూడు గంటలకోసారి కొలిచి, కొలిచిన నీటిని పారబోసి, అంకెలు కూడుకుంటూ పోవాలి. గంటలో 400 మిల్లీలీటర్లు, అంటే 20 మిల్లీమీటర్లు దాటితే 8.30 దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయాలని గీత పెట్టుకున్నాం.

ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. టీవీలో సెంటీమీటర్లలో చెబుతారు, మనం మిల్లీమీటర్లలో కొలుస్తాం. ‘12 వాన పడింది’ అని కబురు వస్తే అది చిరుజల్లో అతిభారీ వర్షమో అర్థం కాదు. అంకె పక్కన ‘మి.మీ.’ లేని కబురుని తిప్పి పంపి మళ్లీ అడగాలి.

మధ్యాహ్నం చెరువు కట్ట మీద నడక. పరిశీలకుడు చూడాల్సినవి నీటిమట్టం కట్ట తలకి ఎంత కింద ఉంది, కలుజు (మిగులు నీరు పొర్లిపోయే చోటు) మీద ఎన్ని సెంటీమీటర్ల నీరు పోతోంది, గంటకి ఎంత పెరుగుతోంది. ఆ తర్వాత కట్ట వెలుపలి వాలు. అక్కడ నీరు ఊరడం కొత్త కాదు. తేట నీరు ఊరుతుంటే రాసుకుని మళ్లీ చూడాలి. బురద రంగులో నీరు వస్తుంటే లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం, అది క్షణాల మీద చెప్పాల్సిన కబురు. ఎలుక బొరియలు, తూము పక్కన గుంటలు, కట్ట తల మీద పొడుగునా వచ్చే పగుళ్లు వాన రాకముందే ఫోటో తీసి పెట్టుకోవాలి. అప్పుడే పగులు కొత్తదో పాతదో తేలుతుంది.

గురువారం, కావలి, జువ్వలదిన్నె

1989 నవంబరులో పెను తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. పెద్దవాళ్లకి ఇప్పటికీ అది లెక్కల మైలురాయి. అప్పటి నీరు ఏ గోడ దాకా వచ్చిందో ఊళ్లో అడిగి గుర్తులు వేయించడం శిక్షణలో భాగం చేశాం. ముందు తరం చూసిన ఎత్తు కళ్లెదుట గీతగా ఉంటే కబురులో ‘పాత గీతకి రెండడుగుల కింద’ అని రాయవచ్చు, వినేవాళ్లకి వెంటనే తెలుస్తుంది.

రేవుల్లో ఎగరేసే హెచ్చరికల నంబర్ల గురించి ఇక్కడ గంట సేపు చెప్పాల్సి వచ్చింది. కృష్ణపట్నంలో తొమ్మిదో నంబరు వేశారంటే ఎనిమిది కన్నా పెద్దదని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. 5, 6, 7 తుపానుకి; 8, 9, 10 తీవ్ర తుపానుకి. వీటిలో 5, 8 అంటే తుపాను రేవుని ఎడమ పక్కన ఉంచి పోతుందని, 6, 9 అంటే కుడి పక్కన ఉంచి పోతుందని, 7, 10 అంటే రేవు మీదుగానో దానికి బాగా దగ్గరగానో పోతుందని. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. సముద్రం నుంచి నేల మీదికి వచ్చే తుపానుకి కుడి పక్కన ఉన్న తీరానికే ఉప్పెన ఎక్కువ. కాబట్టి 8 స్థానంలో 9 వచ్చిందంటే దారి మారిందని అర్థం చేసుకోవాలి.

జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్‌లో పడవల వీహెచ్ఎఫ్ రేడియో సెట్ల మీద కసరత్తు చేశాం. 16వ ఛానల్ ఆపదకి, పిలుపుకి. అక్కడ పిలిచి, జవాబు రాగానే వేరే ఛానల్‌కి మారి మాట్లాడాలి. కబుర్లన్నీ 16 మీదే చెబితే ఆపదలో ఉన్న పడవ గొంతు వినబడదు. మాట్లాడే మీట నొక్కి ఒక క్షణం ఆగి మొదలుపెట్టాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. తెగేది తరచు ఊరి పేరే.

శుక్రవారం, ఉదయగిరి

సముద్రం వదిలి కొండల్లోకి వస్తే ముఖ్యమైన కాలం మారుతుంది. ఇక్కడ ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు కూడా ప్రమాదమే: పిడుగులు, వడగళ్లు, నిమ్మ, మామిడి తోటల్ని రాల్చే గాలి.

పిడుగు దూరం చెప్పడం సులువు. మెరుపు కనబడినప్పటి నుంచి ఉరుము వినబడే దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్ల లోపు ఉరుము వినబడితే పక్కా ఇంట్లోకి వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి రావాలి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగుల్ని చూపిస్తుంది, కానీ గొర్రెల కాపరికి సిగ్నల్ లేని చోట చెవులే ఆధారం. వడగళ్లని స్కేలుతో కొలవాలి, అన్నిటికన్నా పెద్దదాని పొడవైన వైపు, కరగకముందే. నిమ్మకాయంత అని రాస్తే ఏ నిమ్మకాయో తెలియదు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీస్తే ఇంకా మంచిది, అయితే వడగళ్లు ఆగాకే బయటికి వెళ్లాలి.

వాగుల దగ్గర ఒకటే హెచ్చరిక. పారే నీరు 15 సెంటీమీటర్లుంటే మనిషిని పడేయగలదు, 30 ఉంటే చిన్న కారుని, 60 ఉంటే చాలా వాహనాల్ని తోసుకుపోగలదు. లోతు కొలవడానికి ఎవరూ నీళ్లలో దిగకూడదు. ఒడ్డున ఉన్న రాయి మునిగిందా లేదా అన్నది చాలు.

శనివారం, కొత్తపట్నం

రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 2 దాకా కసరత్తు. పరిశీలకులకి మూసిన కవర్లు ఇచ్చాం, ఒక్కోదాని మీద తెరవాల్సిన వేళ ఉంటుంది. లోపల చీటీ: ‘22.40. కరెంటు పోయింది. గాలి ఉత్తరం నుంచి వాయవ్యానికి తిరిగింది. వేప కొమ్మ విరిగి రోడ్డుకి అడ్డంగా పడింది.’ దాన్ని అయిదు ముక్కల కబురుగా మార్చి పంపాలి. అందుకునే బల్ల దగ్గర చిట్టా పుస్తకం, అందులో గళ్లు: అందిన వేళ, జరిగిన వేళ, ఊరు, ఏమిటి, కొలతా అంచనానా, ఎవరికి పంపాం, వాళ్లు అందుకున్నారా. చివరి గడి లేని చిట్టా ఎందుకూ కొరగాదు.

పది గంటల తర్వాత మొబైల్ డేటా ఆపేయించాం. అసలు తుపానులో జరిగేది అదే: కరెంటు పోతుంది, టవర్ బ్యాటరీ కొన్ని గంటలకి అయిపోతుంది. ఫోన్ మాట అందని చోట ఎస్ఎంఎస్ చేరుతుంది, ఆలస్యంగానైనా. ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయని చాలామంది అనుకుంటారు. తెలుగు లిపిలో ఒక ఎస్ఎంఎస్‌కి 70 అక్షరాలే, గుణింతం గుర్తులూ లెక్కలోకే వస్తాయి. కబురు ముక్కలై కొన్ని ముక్కలు ఆగిపోతాయి. అందుకే పొట్టి కోడ్లు పెట్టాం: ‘గా’ గాలి, ‘వా’ వాన, ‘నీ’ నీటిమట్టం, ‘కొ’ కొలత, ‘అ’ అంచనా. ‘కొత్తపట్నం 2240 గా వాయవ్యం వేపకొమ్మ అ సాగుతోంది’ అంటే సరిపోతుంది.

బయటపడ్డ లోపాలు ఇవి. ఒకే చెట్టు కూలిన సంగతి ముగ్గురు పంపితే చిట్టాలో మూడు చెట్లయ్యాయి. గుర్తు లేకుండా ‘బీచ్ దగ్గర’ అని రాస్తే ఇలాగే అవుతుంది. ముందే ఊరి పటం మీద గుడి, ట్యాంకు, వంతెన, బడికి నంబర్లు వేసుకుంటే కలిసిపోదు. అంకెలు ఎక్కువగా అయిదులూ పదులే వచ్చాయి. 50, 60, 100 అని గుండ్రంగా వస్తే అవి కొలిచినవి కావని అనుమానించాలి. ఇంకొకటి వాట్సాప్ వీడియో. ఎప్పటిదో ఎక్కడిదో వీడియో ఒకటి కావాలనే మధ్యలో వదిలాం, నిమిషాల్లో అది బల్ల దగ్గరికి ‘మన ఊరే’ అనే మాటతో తిరిగి వచ్చింది. తను తీసిన ఫోటో తప్ప ఇంకెవరిదీ పంపకూడదు, ఫార్వర్డ్ చేసినదాంట్లో వేళ పోతుంది. బాల్‌పెన్నుతో రాసిన కాగితాలు తడిసి చెరిగిపోయాయి, పెన్సిలుతో రాసినవి మిగిలాయి. సంచిలో ఉండాల్సినవి పెన్సిలు, ప్లాస్టిక్ కవర్లో పుస్తకం, నిండా ఛార్జి చేసిన పవర్ బ్యాంకు, టార్చి, విజిల్, కొలజాడీ, అడుగు స్కేలు.

ఆదివారం, ఒంగోలు

చిట్టాలన్నీ బల్ల మీద పరిచి కబురు నడిచే దారి ఖాయం చేసుకున్నాం. పరిశీలకుడి నుంచి గ్రామ సచివాలయానికి, అక్కణ్ణించి తహసీల్దారు కార్యాలయానికి. ప్రాణాపాయం ఉంటే ఈ వరస దాటి నేరుగా జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి, లేదా రాష్ట్ర విపత్తుల కేంద్రం 1070కి, లేదా 112కి. వాతావరణ శాఖ వెబ్‌సైటులో ప్రజల పరిశీలనలు నమోదు చేసే పేజీ ఉంది, డేటా ఉన్నప్పుడు అందులోనూ పెట్టాలి. అందినట్టు జవాబు పది నిమిషాల్లో రాకపోతే రెండో నంబరుకి చేయాలి.

పరిశీలకుడు కబురు కోసం ప్రమాదంలోకి వెళ్లకూడదన్న మాట ఒంగోలులో మళ్లీ రాయించాం. పోతురాజు కాలువ పొంగినప్పుడు ఫోటో కోసం అంచున నిలబడేవాళ్లని చూసే ఈ నియమం పెట్టాల్సి వస్తోంది. కిటికీలోంచి కనబడేది చాలు. కనబడకపోతే ‘కనబడటం లేదు’ అని పంపడం కూడా కబురే.

ఇక మిగిలింది అక్టోబరు తొలి వాన. అది పడిన మర్నాడు ప్రతి ఊరి అంకెనీ పక్క ఊరి అంకెతో, దగ్గరి వాతావరణ కేంద్రం అంకెతో పోల్చాలి. పక్క ఊళ్లకి సగమో రెట్టింపో తేడా వస్తే అది నిజంగా వానలో తేడా కావచ్చు, ఉరుముల వాన అలాగే పడుతుంది. మూడు వానలకీ ఒకే వైపు తేడా వస్తే మాత్రం తప్పు డబ్బాదే. ముందు గరాటు సమంగా ఉందో లేదో, తర్వాత గరాటులో పుల్లలు, ఆ తర్వాత డబ్బా అడుగున చిల్లు, ఈ వరసలో చూడాలి. చిల్లు కనిపెట్టాలంటే లీటరు నీళ్లు పోసి రాత్రంతా మూతపెట్టి ఉంచి పొద్దున మళ్లీ కొలిస్తే తెలిసిపోతుంది.